యంత్రపు కొలత - చెవి తీర్పు

ఇంట్లో పాట శ్రావ్యంగా వినిపించాలంటే ధ్వనిని సరిచేయవలసినది ఎవరు? ఆడిస్సీ, డిరాక్ వంటి స్వయంచాలక పద్ధతులు మైక్రోఫోనుతో గదిని కొలిచి, ఏ పౌనఃపున్యం హెచ్చినదో, ఏది తగ్గినదో లెక్కగట్టి, ధ్వనిని తామే సవరిస్తాయి. చెవి ఉండగా యంత్రమెందుకని మరికొందరి వాదన. ఈ రెండు వాదాలలోనూ సగం సత్యమే ఉన్నదని నా అభిప్రాయం.

ముందుగా మన గదులను చూద్దాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎన్నో ఇండ్లకు నేల బండపరుపు, గోడలకు సిమెంటు పూత, పైన కాంక్రీటు కప్పు. ఇవి ధ్వనిని పీల్చుకోవు, తిరగగొడతాయి. అందువల్ల పాటలో ఒక మాట ముగియకముందే మరొక మాట దానిపై పడి, రెండూ మసకబారుతాయి. మంద్రస్వరాల చిక్కు వేరు. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల నడుమ సుమారు 47 హెర్ట్జ్ ధ్వని స్థిర తరంగమై, గోడల దగ్గర హోరెత్తుతుంది. సరిగా నడుమ దాదాపు మాయమవుతుంది.

ఇక్కడ చెవి సులభంగా మోసపోతుంది. మంద్రస్వరాలను గ్రహించే శక్తి మనకు తక్కువ. అది శబ్ద తీవ్రతను బట్టి మారుతుందని ఫ్లెచర్, మున్సన్‌లు 1933లోనే చూపారు. పైగా చెవి దేనికైనా అలవాటు పడుతుంది. నేటి హోరు కొన్నాళ్ళకు సహజమనిపిస్తుంది. మైక్రోఫోనుకు ఆ అలవాటు లేదు. కనుక మంద్రస్వరాల కొలతను యంత్రానికి వదలడమే వివేకం.

అయితే యంత్రానికీ హద్దులున్నాయి. హెచ్చిన స్వరాన్ని తగ్గించగలదు గాని, తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకున్న చోట ఎంత బలమిచ్చినా స్వరాన్ని నిలపలేదు. గది ప్రతిధ్వనిని పూర్తిగా మాపనూ లేదు. అందుకు మందు గదిలోనే ఉన్నది. 1895లో హార్వర్డులోని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేయ పూనుకొన్న వాలెస్ సబైన్‌కు ఆర్గన్ గొట్టం, గడియారం, తన చెవి పరికరాలైనాయి. శాండర్స్ థియేటరు నుండి మోయించి తెచ్చిన మెత్తలు ఔషధమైనాయి. మన పాలమూరు ఉన్ని గొంగడి కూడా ఆ పనిని కొంతవరకు చేస్తుంది. నేలపై ఒకటి, గోడకు ఒకటి వేస్తే ఉచ్చారణ తేటపడుతుంది. మంద్రస్వరాలను మాత్రం అది ఆపలేదు. వాటి కోసం కుర్చీని గది నడుమ నుండి జరిపి చూడాలి. దీనికి ఖర్చు లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఈ సవరణ ఎవరి కోసమన్నది. వయసు పైబడిన చెవికి ముందుగా తారస్వరాలు దూరమవుతాయి. ఇంట్లోని వృద్ధులకు గజల్‌లోని మాట అందనప్పుడు, అంతా సమంగా ఉన్నదని యంత్రం చెప్పి ఏమి ప్రయోజనం? మన పల్లెలలో డప్పును మంట సెగకు కాచి, కొట్టి చూసి, ఇక చాలునని చెప్పేది చెవియే. ఆ నేర్పును ఒక తరం వదులుకొంటే, యంత్రం తప్పినప్పుడు ఆ తప్పును పట్టేవారెవరు?

విద్యార్థి మిత్రులారా! ముందు గదిని సరిదిద్దండి. పిమ్మట యంత్రం లభిస్తే దానితో కొలవండి. చివరి తీర్పు మాత్రం వినేవారికే వదలండి.