పంటికి తొడుగు, ఖాళీకి వంతెన

పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి యను సామెత మన మెల్లర మెరిగినదే. ఊడిన పంటిని మరల నిలుపుకొనుట మాత్రము అంత సులభము గాదు. ఈ సంగతి మాకు ఆలస్యముగా దెలిసినది గావున, సోదరీమణులకు ముందుగా జెప్పుట మంచిదని తలంచి ఈ మాసమున వ్రాయుచున్నారము.

ఆరు సంవత్సరముల క్రిందట మా క్రింది దవడపన్ను పుచ్చి బాధపెట్టెను. దంతవైద్యురాలు చూచి, రూట్ కెనాలు చేసి పైని క్యాపు వేసినచో పన్ను నిలుచునని చెప్పిరి. ఆ నెలలోనే మా చిన్నవానికి బడిజీతము కట్టవలసి యుండెను. బడిపంతులుగారి సంసారము గదా! లోపలి పన్ను ఎవరికి గానవచ్చునని మాలో మేమే సమాధానపడి, మావారికైనను జెప్పక దానిని తీయించుకొంటిమి. ఇంటికి కొంత సొమ్ము మిగిల్చితిమని సంతసించితిమి గూడ.

మిగిలిన దేమో వినుడు. ఖాళీ వైపునకు ప్రక్కపన్ను మెల్లగా ఒరిగెను. ఎదుటి పైపన్ను ఆనిక లేక క్రిందికి దిగెను. ఒక్క ప్రక్కనే నములుట అలవాటయ్యెను. జంతికలు పిల్లలకు వండిపెట్టుటయే గాని మేము నోట బెట్టుట మానితిమి. తుదకు గత సంవత్సరము బ్రిడ్జి కట్టించుకొంటిమి.

క్యాపు లేక క్రౌను అనగా పంటికి తొడుగు. పుచ్చును, లోని నరమును తీసిన దవడపంటికి గోడలు పలుచనై, నమలునపుడు చీలు భయము కలదు. అందుచే వైద్యులు పంటిని చుట్టును ఇంచుమించు 1 నుండి 2 మిల్లీమీటర్లు అరుగదీసి, అచ్చు తీసి, లోహముతోగాని, పింగాణితోగాని, జిర్కోనియాతోగాని తొడుగు చేయించి అతికింతురు.

బ్రిడ్జి యనగా వంతెనయే. ఖాళీకి ఇరుప్రక్కల నున్న పళ్ళు స్తంభములు. వానిపై రెండు తొడుగులు, నడుమ కట్టుడు పన్ను, మూడును ఒక్కటిగా నుండును. ఇందులకై ఏ పాపమెరుగని పొరుగుపళ్ళను గూడ అరుగదీయవలయును. పంటిపై గట్టిపొర యొకసారి పోయిన మరల పుట్టదు. నాడు ఒక పంటికి వెనుదీసిన మేము నేడు మూడు పళ్ళకు వ్యయపడితిమి.

పొరుగుపళ్ళను ముట్టక, ఎముకలో టైటానియపు మర నాటి దానిపై పన్ను నిలుపు ఇంప్లాంటు పద్ధతియు కలదు. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్కు 1965లో దీనిని తొలిసారి ఒక రోగికి అమర్చెను. దీనికి ఎముక బలము కావలయును, నెలల కాలము పట్టును, సొమ్మును ఎక్కువ. వంతెన యన్ననో మిక్కిలి పురాతనము. క్రీస్తునకు పూర్వమే ఇటలీలోని ఎట్రుస్కనులు బంగారుపట్టీలతో పళ్ళు కట్టుకొనిరి. వానిని ధరించినవారిలో స్త్రీలే యెక్కువ యని పండితుల యభిప్రాయము. మన పూర్వసోదరులు కాదు, సోదరీమణులే!

తొడుగు పుచ్చదు గాని, దాని యంచు క్రింది పన్ను పుచ్చును. గావున ఉదయమును, రాత్రియు బ్రష్షుతో తోముకొని, వంతెన క్రింద సన్నని బ్రష్షుతోగాని ఫ్లాసుదారముతోగాని శుభ్రపరచవలయును. తొడుగు కదలినచో ఇంటనున్న జిగురుతో అతికింపరాదు. వెంటనే వైద్యునికి జూపవలయును.

సంగతి తెలిసిన పిమ్మట మావారు కోపగింపలేదు. "ఒక గణము జారిన పద్యపాద మంతయు చెడునని పిల్లలకు జెప్పుదానవు నీవే గదా!" అని మాత్రమనిరి. మే మేమియు బదులు చెప్పలేకపోతిమి.

సోదరీమణులారా, పన్ను తీయించుకొనుటకు ముందు, దీనిని నిలుపు మార్గము కలదా యని వైద్యుని అడుగుడు. అదే పన్ను మీ బిడ్డదైనచో ఖర్చునకు వెరచి తీయింతురా? మీ పంటికిని ఆ న్యాయమే చేయుడు.