కంటికి కనిపించని బలం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నది పెద్దల మాట. జీవితకాలపు పొదుపును ధారపోసి ఇల్లు కట్టుకొనే కుటుంబం పాలరాతిపై చూపే శ్రద్ధను శ్లాబు తడపడంపై చూపకపోవడం విచారకరం. సిమెంటు గట్టిపడేది ఆరిపోవడం వల్ల కాదు, నీటితో జరిగే రసాయనిక చర్య వల్ల. అందువల్లనే 2000లో వెలువడిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 కాంక్రీటును కనీసం 7 రోజులు, పొడి వేడి వాతావరణంలో 10 రోజులు తడిగా ఉంచాలని నిర్దేశించింది. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడుతున్నదని ఈ గడువును కుదిస్తే శ్లాబు పగుళ్లు బారవచ్చు. ఆ పగుళ్లలో చేరిన నీరు ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. వెలిసిన రంగును మళ్లీ వేయవచ్చు. బలహీనపడిన శ్లాబును మళ్లీ పోయడం సామాన్యునికి సాధ్యమా? కాంక్రీటుకు కావలసిన రోజులను ముందే లెక్కించి, ఆ తరువాతనే ముహూర్తం నిర్ణయించుకోవడం వివేకం.