మీటరు వెనక్కి తిప్పడం దొంగతనమే, దొంగతనంగానే శిక్షించాలి!

పాత కారు కొనబోయేవారికి, అమ్మబోయేవారికి, రవాణాశాఖ అధికారులకు, మన ఓట్లడిగే నాయకులకు –

మొన్న ఆదివారం గుంటూరులో ఒక కార్ కన్సల్టెన్సీకి నా బండి అమ్మకానికి తీసుకెళ్లాను. 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్. మందుల కంపెనీ ఉద్యోగంలో ఒంగోలు, మాచర్ల, చిలకలూరిపేట రోడ్లన్నీ తిరిగిన బండి. మీటరు మీద 2,46,000 కిలోమీటర్లు. కన్సల్టెన్సీ ఆయన బానెట్ ఎత్తాడు, స్టార్ట్ చేసి విన్నాడు, ఒక రౌండ్ తిప్పి తెచ్చాడు. "బండి బ్రహ్మాండం సార్. ఈ రీడింగే చెడగొడుతోంది. రెండు వేలివ్వండి, అరగంటలో డెబ్భై రెండుకి దింపేస్తాడు మా కుర్రాడు. రేటు ఎనభై వేలు పెరుగుద్ది" అన్నాడు. చాటుగా చెప్పలేదు, పదిమంది వింటుండగానే అన్నాడు. అక్కడున్న ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఈ కరపత్రం వేయడానికి కారణం అదే.

ఈ మోసం సంగతి మీకు తెలియంది కాదు. "డాక్టరుగారి బండి, సింగిల్ ఓనర్, షోరూం కండిషన్" అనే మాట వినని ఇల్లు లేదు. కాబట్టి మోసం ఉందా లేదా అన్న చర్చ వద్దు. ఎలా ఆపాలన్నదే చర్చ.

అది ఎంతగా పాకిందో తెలియాలంటే, మన దేశంలో డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఎవరు కొన్నారో గుర్తు చేసుకోండి. 2007లో స్విఫ్ట్‌కు 1,248 సీసీల డీజిల్ ఇంజన్ వచ్చింది. ఫియట్ డిజైన్ చేసిన ఆ ఇంజనే రిట్జ్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో పరుగెత్తింది. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధర మీద అదుపు వదిలేసింది. డీజిల్ ధర మాత్రం 2014 అక్టోబరు దాకా ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆ నాలుగేళ్లలో లక్ష ఎక్కువపెట్టి డీజిల్ బండి కొన్నది షోకుకు కాదు, చవకైన డీజిల్‌తో రోజూ ఊళ్లు తిరగాలి కనుక. మెడికల్ రెప్పులు, విత్తనాల ఏజెంట్లు, కాంట్రాక్టర్లు, రెండూళ్ల మధ్య ఉద్యోగం చేసేవాళ్లు కొన్నారు. ఏడాదికి పదిహేను వేలైనా తిరగనివాడికి ఆ లక్ష తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. మరి పన్నెండేళ్ల స్విఫ్ట్ డీజిళ్లు సంతలో వరసగా 68 వేలు, 72 వేలు, 75 వేలు చూపిస్తుంటే అర్థమేమిటి? 2020 ఏప్రిల్‌లో మారుతి డీజిల్ కార్లే మానేసింది కాబట్టి, ఇప్పుడు దొరికే ప్రతి స్విఫ్ట్ డీజిలూ పాతదే. కొనేవాడికి ఆ మీటరు తప్ప వేరే సాక్ష్యం చూపించేవాడు లేడు.

ఇక అసలు దుర్మార్గం వినండి. నా బండికి ఒక ఫైలుంది. ప్రతి పదివేలకూ ఆయిల్ మార్చిన బిల్లులు. 1,38,000 దగ్గర క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు సెట్టుగా మార్పించిన బిల్లు. 1,90,000 దగ్గర చప్పుడు మొదలవగానే టైమింగ్ చైన్ కిట్ వేయించిన బిల్లు. లోయర్ ఆర్ములు, బుష్‌లు, నాలుగు టైర్లు, ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు, రివర్స్ కెమెరా – అన్నిటికీ కాగితాలున్నాయి. ప్రతి కాగితం మీదా ఆనాటి రీడింగు రాసి ఉంది. మీటరు 72 వేలకు దించితే ఈ ఫైలు బతకదు. 1,38,000లో క్లచ్ మార్చానని చెప్పే బిల్లు అబద్ధాన్ని పట్టిచ్చేస్తుంది. అందుకే మీటరు తిప్పేవాడు ముందు బిల్లులు చింపేస్తాడు. అంటే ఒక అంకెను నిలబెట్టడానికి ఒక బండి చరిత్రనంతా కాల్చేయాలి. కష్టపడి చూసుకున్నవాడి కాగితాలు బూడిదవుతాయి. ఒక్క ఆయిలూ వేళకు మార్చనివాడి బండికి చింపడానికి కాగితాలే ఉండవు. తిప్పాక రెండు బండ్లూ ఒకే 72 వేలతో, ఒకే పాలిష్‌తో పక్కపక్కన నిలబడతాయి. బాగా చూసుకున్నవాడికి నష్టం, చూసుకోనివాడికి లాభం. ఈ వ్యాపారం నేర్పే నీతి ఇదే.

కొన్నవాడి గతి చూడండి. మీటరు డెబ్భై రెండంటోంది కదా అని చైన్ చప్పుడు చేసినా పట్టించుకోడు. అది జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను విప్పాల్సిందే. అరిగిన బుష్‌లతో, పాతబడ్డ బ్రేకు గొట్టాలతో భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని హైవే మీద వందలో పోతాడు. అప్పుడు కన్సల్టెన్సీ ఫోనెత్తదు.

ఇక మర్యాద మాటలు చాలు. ఇది బేరసారాల్లో మామూలు చమత్కారం కాదు, దొంగతనం. కిరాణా కొట్టువాడి కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేస్తుంది. దాన్ని తారుమారు చేస్తే 2009 చట్టం కింద శిక్ష ఉంది. అరకిలో కందిపప్పుకున్న రక్షణ నాలుగు లక్షల కారుకు లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో ప్రైవేటు కారు మీటరు తిప్పడాన్ని పేరుపెట్టి నేరమన్న సెక్షనే లేదు. చీటింగ్ కేసు పెట్టుకో అంటారు. ఎవరు తిప్పారో, ఎప్పుడు తిప్పారో కొన్నవాడు ఎలా రుజువు చేస్తాడు? యాజమాన్యం మారడానికి మనం సంతకాలు చేసే ఫారం 29లో, ఫారం 30లో ఇంజను నంబరుంది, ఛాసిస్ నంబరుంది. రీడింగుకు గడి లేదు.

ఇంకో వింత చూడండి. పాతబండ్ల డీలర్ల కోసం కేంద్రం 2022 డిసెంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. డీలరు దగ్గరున్న బండి ఎందుకు బయటికెళ్లింది, ఎవరు నడిపారు, ఎంత దూరం తిరిగింది అన్నది రిజిస్టరులో రాయాలట. కొట్టు ముందు తిప్పిన నాలుగు కిలోమీటర్ల లెక్క కావాలి గానీ, అంతకుముందు పన్నెండేళ్ల లెక్క అక్కర్లేదన్నమాట!

చేయలేని పనా ఇది? అమెరికా 1972లోనే మీటరు తిప్పడాన్ని చట్టంతో నిషేధించింది. బ్రిటన్‌లో వార్షిక తనిఖీలో ప్రతిసారీ రీడింగు నమోదవుతుంది, బండి నంబరు కొడితే ఎవరైనా చూడొచ్చు. బెల్జియంలో 2006 నుంచి కిలోమీటర్ల చరిత్ర పత్రం ఇవ్వకుండా పాత కారు అమ్మడానికి వీల్లేదు. మనకు కొత్త ఆఫీసు కూడా అక్కర్లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు నంబరు ప్లేటు ఫోటో ఎలాగూ తీస్తున్నారు, మీటరుది ఇంకొకటి తీస్తే సరిపోతుంది.

"మీటరు నిజంగా చెడిపోయి మార్చితే?" అంటారు. మార్చిన రోజు, రెండు రీడింగులూ రాయించండి. "చిన్న వ్యాపారుల పొట్ట కొడతారా?" అంటారు. నిజం చెబితే మాడే పొట్ట ఏ వ్యాపారానిదో వాళ్లే చెప్పాలి.

మా డిమాండ్లు ఇవి:

1. పొల్యూషన్, ఇన్సూరెన్స్ రెన్యువల్, ఫిట్‌నెస్, యాజమాన్య బదిలీ – ప్రతిసారీ రీడింగు ఫోటోతో రవాణాశాఖ రికార్డులో ఎక్కాలి. బండి నంబరు కొడితే అందరికీ కనిపించాలి.

2. ఫారం 29, ఫారం 30లో రీడింగు గడి పెట్టాలి. అమ్మేవారూ కొనేవారూ దాని పక్కన సంతకం చేయాలి.

3. మీటరు తిప్పినవాడికీ, తిప్పించినవాడికీ, తెలిసి అమ్మినవాడికీ జైలుశిక్ష ఉండేలా చట్టం మార్చాలి.

రెండోదీ మూడోదీ ఢిల్లీలో జరగాలి. మొదటిదాంట్లో పొల్యూషన్ సెంటర్ల పని మన రవాణాశాఖే మొదలుపెట్టొచ్చు, ఆ సెంటర్లకు అనుమతులిచ్చేది ఆ శాఖే.

అంతదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. అమ్మేవారూ, బిల్లులు చింపకండి, ఉన్న రీడింగే చెప్పండి. కొనేవారూ, "ఎంత తిరిగింది?" అని అడిగే ముందు "ఫైలేదీ?" అని అడగండి. ఫైలు లేని 72 వేల బండికి కాదు, ఫైలున్న రెండున్నర లక్షల బండికి డబ్బివ్వండి. మీటరు దింపుతానన్న కొట్టులో టీ కూడా తాగకుండా బయటికొచ్చేయండి.