నొప్పిని ఎక్కడ నిలబడి లెక్కపెడుతున్నారు? (6వ భాగం)



మా పెద్దనాన్న బతుకంతా ఊరోళ్ల చావులకు డప్పు కొట్టాడు. అర్ధరాత్రి కబురొచ్చినా పోవాల్సిందే. నాలుగేళ్ల కింద పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ ముదిరితే పెద్దాసుపత్రిలో ఒకటే మాట: "చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోండి." ఇంట్లో ఆ నొప్పికి ఏం చెయ్యాలో, ఎవరి దగ్గరికి పోవాలో చెప్పలేదు. ఆర్‌ఎంపీ రోజూ ఒక సూది వేసేవాడు. రెండు గంటలు నిద్రపోయేది. మిగతా ఇరవై రెండు గంటలు ఆమె మూలుగు వాడంతా విన్నది. ఊరికి మాత్రం వినపడలేదు.

మందు లేక కాదు. మార్ఫిన్ గోళీ పాతదే, చవకదే. డబ్ల్యూహెచ్‌ఓ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మందుల మెట్లు చెప్పింది, పై మెట్టు మీద ఉన్నది ఇదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది! 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి భయపడి ఆసుపత్రులు మార్ఫిన్‌ను దూరం పెట్టాయి. 2014లో చట్టం సవరించి లైసెన్సుల చిక్కులు తగ్గించారు. భయం తగ్గలేదు.

తెలంగాణ ఏమీ చెయ్యలేదని అనను. జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ సెంటర్లు పెట్టింది, ఇళ్లకు పోయే బండ్లు పెట్టింది. చాలా రాష్ట్రాల్లో అదీ లేదు. అయితే సెంటర్లను లెక్కపెడితే సెంటర్ల సంఖ్యే తెలుస్తుంది. గోళీ పనిచేసేది నాలుగు గంటలు. దానికోసం జిల్లా కేంద్రానికి పోయిరావాలంటే ఒక మనిషి కూలి పోతుంది. ఆ బండి గ్రామ పంచాయతీ దగ్గర ఆగుతుందా, వాడ దాకా వస్తుందా? కేరళ 2008లో విధానం రాసుకుని ఈ పనిలోకి పంచాయతీలను దింపింది, నర్సును గడప దాకా పంపింది. మన గ్రామసభల్లో ఈ మాట ఎన్నడైనా వచ్చిందా?

"మీవాళ్లు నొప్పికి బాగా ఓర్చుకుంటారు సార్" అన్నది ఒక నర్సమ్మ, మెచ్చుకోలుగానే. అడిగితే కసురుతారని తెలిసి నోరు మూసుకోవడాన్ని ఓర్పు అంటున్నారు. (అమ్మల ఓర్పు గురించి క్లాసులో నేనూ గొప్పగా పాఠం చెప్పినవాణ్ణే.)

విద్యార్థి మిత్రులకు ఒక పని. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మీ జిల్లా సెంటరు పోయిన ఏడాది ఎన్ని మార్ఫిన్ గోళీలు ఇచ్చింది? ఏ మండలాలవాళ్లకు? స్టాకు లేని రోజులెన్ని? రోగుల్లో ఎస్సీ, ఎస్టీలెందరు? కులం వివరాలు రాసుకోలేదని జవాబొస్తే, ఆ కాగితం కూడా నాకు పంపండి.