ఇరువదియెనిమిది రోజుల నెల

నెలకు ఎన్ని రోజులని అడిగినచో మన విద్యార్థులు తడుముకొనకుండ సమాధానము చెప్పగలరు. ఇంగ్లీషు నెలకు 30 లేక 31. ఫిబ్రవరి ఒక్కటే మినహాయింపు. హిజ్రీ నెలకు 29 లేక 30. తెలుగువారి చాంద్రమాన మాసము ఇంచుమించు ఇరువదితొమ్మిదిన్నర రోజులు. ఈ మూడు లెక్కలు కలిసిమెలిసి బ్రతికిన మన నగరములో ఇప్పుడు నాలుగవ నెల ఒకటి చెలామణి అగుచున్నది. అది సౌరమానము కాదు, చాంద్రమానమును కాదు. కంపెనీమానమని పేరు పెట్టుకొనవలసినదే. దానికి 28 రోజులు. రమజాను 29వ నాటి సాయంత్రము మనమందరము నెలవంక కొరకు ఆకాశము వంక చూతుము. సెల్‌ఫోనులోని నెల ఆ సాయంత్రము రాకముందే అస్తమించును. చంద్రుడు నక్షత్రముల నడుమ 27 రోజుల పైచిలుకులోనే ఒక చుట్టు తిరిగివచ్చును గదా అని భౌతికశాస్త్ర విద్యార్థి ఎవరైన అభ్యంతరము చెప్పవచ్చును. నిజమే. కాని ఆ లెక్కన ఇంటి అద్దె తీసుకొను యజమానిని, జీతమిచ్చు సేఠును మేమింతవరకు చూడలేదు.

నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్స్ వైపు నడచి జగదీష్ మార్కెట్టులో అడుగుపెట్టినచో ఈ కొత్త పంచాంగము కంటికెదురుగ కనబడును. ఆ ఇరుకు దారులలో పగిలిన అద్దములు మార్చువారు, పాత ఫోనులు అమ్మువారు, భూతద్దము కంటికి బిగించి సూదిమొనవంటి పనిముట్టుతో ప్రాణము పోయు పనివారు ఉందురు. వారి నేర్పును మేమెన్నడును తక్కువ చేయము. మా బల్లమీద ఉన్న ఫోను రెండుసార్లు అక్కడ పునర్జన్మ ఎత్తినదే. ఆ దుకాణములలో రీఛార్జి అడిగినచో మొదటి ప్రశ్న "తీన్ మహీనే కా?" అని. మూడు నెలలనగా 84 రోజులు. రెండు నెలలనగా 56. అమ్మువాడు మోసగాడు కాడు, కొనువాడు అమాయకుడు కాడు, మాటే మారిపోయినది. వరుసగ ఏ మూడు ఇంగ్లీషు నెలలు కూడినను 89 రోజులకు తగ్గవని ఇద్దరికిని తెలియును, ఇద్దరును మరచిపోయినారు.

ఒక్క లెక్క చూడుడు. 28ని 13 పెట్టి గుణించిన 364. అనగా ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జీలు. మన పంచాంగకర్తలు సుమారు రెండున్నర, మూడు సంవత్సరములకు ఒకమారు అధికమాసమును కలుపుదురు. కంపెనీలు ప్రతి సంవత్సరము ఒక అధికమాసమును ప్రసాదించుచున్నవి! 2024 జూలైలో జియోవారి 28 రోజుల పథకము, దినమునకు 1.5 జీబీ ఇచ్చునది, 239 రూపాయల నుండి 299కి పెరిగినది. ఆ ధరకు పన్నెండు నెలలకు 3588 రూపాయలగునని గృహస్థుడు అనుకొనును, చెల్లించునది 3887. తక్కిన పెద్ద కంపెనీల తీరును ఇంతే. ధర పెరిగినప్పుడు పత్రికలు వ్రాయును, జనులు గొణుగుదురు. రోజులు తగ్గినప్పుడు చప్పుడుండదు. నుమాయిష్‌కు కాశ్మీరు నుండి వచ్చు శాలువల వర్తకుడు మన ఊరిలో 46 రోజులు కొట్టు పెట్టును. అతనికిని ఒక నెల చాలదు, రెండు నెలలు మిగులును.

ఈ యంత్రమును నిందించుట మా ఉద్దేశము కాదు. 1995 జూలై 31న జ్యోతిబసుగారు కలకత్తా నుండి ఢిల్లీలోని సుఖ్‌రామ్‌గారితో మాట్లాడగా మన దేశములో సెల్‌ఫోను మొదలైనది. తొలినాళ్లలో మనకు వచ్చిన కాలుకు సైతము మనమే రుసుము కట్టవలసియుండెను. 2003లో ఆ భారము తొలగినది. 2009లో క్షణమునకు ఒక పైసా లెక్క వచ్చినది. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిదప ఇంటర్నెట్టు ఇంత చవుకయగునని ఎవరును ఊహించలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారము నాడు వెదకి వెదకి దొరకని పాత తెలుగు పుస్తకము మా విద్యార్థి ఫోనులో రెండు నిమిషములలో దొరకుచున్నది. ఉర్దూ కవుల దీవానులు బస్సులో నిలబడి చదువుకొనుచున్నారు. ఇది చిన్న మేలు కాదు.

కాని 2018 చివరలో కొన్ని పెద్ద కంపెనీలు మరియొక నియమము తెచ్చినవి. ఎవరికిని కాలు చేయకున్నను సరే, వచ్చు కాలు వినవలెనన్న కనీస రీఛార్జి ఉండవలెను. అప్పుడది 28 రోజులకు 35 రూపాయలు. మిస్డ్‌కాలుతో కాలము గడుపుకొన్న బీదవాని ఫోను నాటి నుండి తలుపులు మూసికొన్నది.

దాని ఫలితము గత సంవత్సరము మా యెదుటకే వచ్చినది. మా తరగతి విద్యార్థిని ఒకరు ఉపకారవేతనపు దరఖాస్తు పూర్తిచేయలేక కన్నీళ్లతో స్టాఫ్‌రూము గుమ్మములో నిలబడినది. ఆమె ఆధారుకు జతచేసిన సంఖ్య తండ్రిది. ఆయన లారీల అడ్డాలో హమాలీ; బటనుల ఫోను. ఆ మాసము పని సరిగా దొరకక రీఛార్జి చేయలేదు. ఓటీపీ పంపినామని కంప్యూటరు చెప్పుచున్నది, ఫోను మూగపోయి ఉన్నది, గడువు రెండు రోజులు. ఇంకొంత కాలము ఇట్లే గడచినచో ఆ సంఖ్యయే రద్దగును. రద్దయిన సంఖ్యను 90 రోజుల తరువాత వేరొకరికి ఇయ్యవచ్చును. బ్యాంకు, రేషను, ఆధారు అన్నియు ముడివేసికొన్న ఆ పది అంకెలు పరుల చేతికి పోవును. ఇది విలాసవస్తువు విషయమా? కాదని మా అభిప్రాయము. ప్రభుత్వము, బ్యాంకు, మన కళాశాల కలిసి దానిని నిత్యావసరము చేసినవి. అమ్మకము మాత్రము విలాసవస్తువు పద్ధతిలోనే జరుగుచున్నది.

ట్రాయ్ సంస్థ ఊరకున్నదని చెప్పరాదు. 30 రోజుల గడువుగల పథకమును, ప్రతి నెల అదే తేదీన పునరుద్ధరించుకొను పథకమును ప్రతి కంపెనీ తప్పక ఉంచవలెనని 2022 జనవరిలో ఆదేశించినది. ఇంటర్నెట్టు అక్కరలేనివారికి మాటలకు, సందేశములకు మాత్రమే పథకము ఉండవలెనని 2024 డిసెంబరులో నియమము చేసినది. కాని ఉంచుట వేరు, కనబడనిచ్చుట వేరు. మా తరగతిలో అరువదిమందిని అడుగగా ఈ రెండు సంగతులు తెలిసినవారు నలుగురు. ఇందులో కంపెనీల తప్పెంతయో మా తప్పును అంత. అప్లికేషనులు ఎట్లు వాడవలెనో ఈ తరమువారు మాకు నేర్పుచున్నారు. ధరను రోజులతో భాగించి చూచుట మేము వారికి నేర్పలేదు. 299ని 28తో భాగించిన దినమునకు 10 రూపాయల 68 పైసలని ఐదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు, అడిగినచో.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ఫీజు గడువులు, పరీక్షల తేదీలు, సెలవులు ఇప్పుడు వాట్సాప్ గుంపులో మాత్రమే వెలువడుచున్నవి. నోటీసు బోర్డు మీద రెండేండ్ల క్రిందటి క్రీడల ప్రకటన ఇంకను వ్రేలాడుచున్నది. డేటా అయిపోయిన విద్యార్థికి కళాశాల కబురు అందకుండుట మనము మన చేతులార పెట్టిన శిక్ష. ప్రతి ప్రకటన బోర్డు మీదను ఉర్దూ, తెలుగులలో ఉండవలెను. ఉపకారవేతనముల ఋతువులో గ్రంథాలయమున ఒక కనెక్షను, సహాయము చేయుటకు ఒక మనిషి ఉన్నచో చాలును. వార్షికోత్సవపు షామియానా ఖర్చులో పదవ వంతు కాదు ఇది.

ఆ అమ్మాయి దరఖాస్తు చివరి దినమున వెళ్లినది. మరల ఒకనాడు వారి యింటికి పోయినప్పుడు గోడమీద క్యాలెండరు చూచితిమి. ప్రతి గడిలోను ఇంగ్లీషు తేదీ, హిజ్రీ తారీఖు, తెలుగు తిథి. ఒక గడి చుట్టు తండ్రి పెన్సిలుతో సున్న చుట్టినాడు. పండుగ కాబోలు అనుకొంటిమి. రీఛార్జి అయిపోవు రోజట. క్రింది వరుసలలో ముందరి నెలల సున్నలు ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా వెనుకకు జరుగుచు వచ్చినవి.