అడగని నేరం మనదే

జన్యుమార్పిడి ఆహారం మంచిదా, చెడ్డదా అని సూర్యాపేటలో ఎవరిని అడిగినా జవాబు తడుముకోకుండా వస్తుంది. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లలో కొందరు అది క్యాన్సర్ తెస్తుందంటారు. కొందరు అవన్నీ సైన్సంటే గిట్టనివాళ్లు పుట్టించిన మాటలంటారు. ఈ రెండు జవాబుల వెనకా ఒక్క కాగితం లేదు, ఒక్క పరీక్ష లేదు, ఒక్క ఊరి లెక్క లేదు. ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ వాదంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లం ముందు పక్షం ఎంచుకున్నాం. తెలుసుకోవడాన్ని తర్వాతకు వాయిదా వేశాం. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు. ఇది రైతు నెత్తిన వేయాల్సిన నింద కాదు. టీచర్లం, విలేకరులం, డాక్టర్లం, అగ్రికల్చర్ బీఎస్సీలు చదివినవాళ్లం, మిల్లర్లం, పురుగుమందుల దుకాణాల వాళ్లం, రైతు సంఘాల నాయకులం అందరం ఈ కేసులో ముద్దాయిలమే.

మొదటి నేరం, కంచంలోకి ఏమొచ్చిందో పట్టించుకోకపోవడం. 2002 మార్చి 26న కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చారు. దానివల్ల తయారయ్యే ప్రొటీన్‌ను తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. కొన్నేళ్లలోనే దేశంలో పత్తి సాగు దాదాపు అంతా బీటీయే అయింది. కాలువ నీళ్లందని మన చెలకలన్నీ అందులోనే ఉన్నాయి. అప్పుడు మనం చెప్పుకున్న మాట ఒకటే: ‘పత్తి కట్టుకునేదే గాని తినేది కాదు గదా!’

జిన్నింగ్ మిల్లు గడప తొక్కినవాడెవడైనా ఆ మాట తప్పని చెప్పగలడు. క్వింటాలు పత్తిలో దూది మూడో వంతే, మిగిలిందంతా గింజే. ఆ గింజ నూనె మిల్లుకు పోతుంది. నూనె శుద్ధి అయి వనస్పతిలోనూ మిశ్రమ నూనెల్లోనూ కలుస్తుంది. చెక్క బర్రెల తొట్టిలోకి వస్తుంది. దేశంలో ఏటా పది లక్షల టన్నులకు పైగా పత్తిగింజల నూనె తయారవుతోంది. దీనికి తోడు అర్జెంటీనా, బ్రెజిల్‌లలో పండిన జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన నూనె ఏళ్ల తరబడి ఓడల్లో దిగుతోంది. 2021 ఆగస్టులో కోళ్ల దాణా కొరత తీర్చడానికి 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం అనుమతించింది. అంటే ఈ ఆహారం వస్తుందా రాదా అని మనం వాదించుకుంటున్నప్పటికే అది నూనెగా, మేతగా మన ఇళ్ల దాకా వచ్చేసింది.

దీనికి శాస్త్రవేత్తల దగ్గర జవాబుంది. శుద్ధిచేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో ఆవులకు బీటీ పత్తిగింజ మేపి చూస్తే పాలలో ఆ ప్రొటీన్ కనిపించలేదు. 2016లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు వందలాది అధ్యయనాలను పరిశీలించి, అప్పటికి మార్కెట్లో ఉన్న జన్యుమార్పిడి పంటల ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ ప్రమాదకరమనడానికి ఆధారం దొరకలేదన్నాయి. ఇవి ఊరటనిచ్చే మాటలే. కానీ వీటిలో ఒక్కటి కూడా మనం అడిగి తెప్పించుకున్నది కాదు. చాలామంది వీటిని వినను కూడా లేదు. విని ఉంటే భయపడేవాళ్ల భయం కొంత తగ్గేది. నమ్మేవాళ్ల నమ్మకానికి కొంత ఆధారం దొరికేది. మనకు ఆ రెండూ అక్కర్లేకపోయాయి.

రెండో నేరం, అడగాల్సిన చోట అడగకపోవడం. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి కోతలయ్యాక చేలల్లో మేసిన గొర్రెలు గుంపులు గుంపులుగా చనిపోయాయని గొల్లకురుమలు గగ్గోలు పెట్టారు. బీటీ ఆకే కారణమని స్వచ్ఛంద సంస్థలు అన్నాయి. నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని, బీటీకి సంబంధం లేదని అధికారులు అన్నారు. సూర్యాపేట చుట్టూ గొర్రెల మందలకు కొదవ లేదు. పత్తి ఏరడం అయిపోయాక మందను చేలోకి తోలడం ఇక్కడా మామూలే. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది చేరతారు. వాళ్లలో చాలామంది గొర్రెలను నమ్ముకుని బతికేవాళ్లే. వరంగల్ గొర్రెలకు ఏమైందో, మన మందల సంగతేమిటో ఆ గట్టు మీద ఒక్కసారైనా మాట్లాడామా? చనిపోయిన జీవానికి పోస్టుమార్టం చేయించాలని, ఏ చేలో మేసిందో, అక్కడ ఏ మందు కొట్టారో రాసిపెట్టాలని కాపరికి ఎవరు చెప్పారు? మనం గొర్రెల మరణాన్ని వాదానికి వాడుకున్నాం, దర్యాప్తుకు పనికి రానివ్వలేదు. అందుకే అది నేటికీ ఒకవైపు పుకారుగా, ఇంకోవైపు కొట్టివేతగా మిగిలింది.

2010 జనవరి 31న బీటీ వంకాయ మీద అభిప్రాయ సేకరణ హైదరాబాద్‌కు వచ్చింది. అంతకు ముందు 2009 అక్టోబరులో జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ దానికి పచ్చజెండా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో జనం మాట వింటానన్నారు. దేశంలో తిండి గురించి అంత బహిరంగంగా చర్చ జరగడం అరుదు. సీసీఎంబీ పరిశోధన సంస్థను నిలబెట్టిన శాస్త్రవేత్త పుష్ప ఎం. భార్గవ, విత్తన కంపెనీ ఇచ్చిన సమాచారం మీదే ఆధారపడొద్దని, స్వతంత్ర పరీక్షలు జరగాలని పట్టుబట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా తొందర వద్దంది. ఫిబ్రవరి 9న మంత్రి నిరవధిక నిషేధం ప్రకటించారు. హైదరాబాద్ మనకు మూడు గంటల దారి. మన మూడు పట్టణాల్లో చాలామందికి ఆ చర్చ టీవీలో చూసిన గొడవ మాత్రమే.

నిషేధం వచ్చాక కొందరం గెలిచామనుకున్నాం, కొందరం ఓడామనుకున్నాం. అక్కడితో ఇద్దరమూ ఆగిపోయాం. నిషేధమంటే పరీక్షలకు దొరికిన వ్యవధి. ఆ వ్యవధిలో ఏ పరీక్షలు జరిగాయని వద్దన్నవాళ్లు అడగలేదు, కావాలన్నవాళ్లూ అడగలేదు. 2013లో బంగ్లాదేశ్ బీటీ వంకాయకు అనుమతిచ్చి, ఆ తర్వాత రైతులకు పంచింది. పక్క దేశం పదేళ్లకు పైగా తింటున్న కూరగాయ అనుభవం ఏమిటో చూసొచ్చి మన మార్కెట్ యార్డులో చెప్పమని ఒక్క శాస్త్రవేత్తనైనా పిలవలేదు.

మూడో నేరం అన్నిటికంటే పెద్దది. పరీక్షలు జరిగి అనుమతి కోసం వరుసలో నిలబడ్డ వంకాయను చూసి వణికినవాళ్లమే, ఏ అనుమతీ లేని విత్తనాన్ని చీకట్లో ఇంటికి తెచ్చుకున్నాం. కలుపు మందు కొట్టినా చావని పత్తిని ఈ దేశంలో ఇప్పటిదాకా ఎవరూ అనుమతించలేదు. అయినా ఏటా వానాకాలం ముందు బిల్లు లేకుండా, లేబుల్ లేకుండా ఆ గింజలు ఊళ్లకు చేరుతూనే ఉన్నాయి. టాస్క్‌ఫోర్స్ దాడులు, పీడీ చట్టం కేసులు, పేపర్లో ఫొటోలు అన్నీ చూశాం. ఎవరు తెస్తున్నారో ఊరందరికీ తెలుసు, చెప్పేవాడు లేడు. కూలీలు దొరకని రోజుల్లో కలుపు ఖర్చు తప్పుతుందంటే రైతు ఆశపడటంలో వింత లేదు. ఆ ఆశను అడ్డం పెట్టుకుని వ్యాపారం చేసినవాళ్లు, చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్లు మాత్రం మనమే.

ఆ పత్తి మీద నేరుగా కొట్టే మందు గ్లైఫోసేట్. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ మాత్రం వాడే తీరులో వాడితే ఆ ముప్పు లేదంది. ఆ తగవు ఇంకా తెగలేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. 2022లో కేంద్రం శిక్షణ పొందిన నిర్వాహకులు తప్ప ఎవరూ వాడరాదంది. మన దుకాణాల అరల్లోంచి ఆ డబ్బాలు ఎంతవరకు పోయాయో మనకు తెలుసు. మూతికి గుడ్డయినా కట్టుకోకుండా డ్రమ్ము వీపున వేసుకుని కొట్టే కూలీ ఆరోగ్యం మన ఆహార భద్రత చర్చలోకి ఎన్నడూ రాలేదు. దొంగ పత్తి గింజ అసలు పత్తి గింజతో కలిసి అదే జిన్నింగ్‌కు, అదే నూనె మిల్లుకు పోతుంది. దాన్ని వేరుచేసే మనిషీ లేడు, యంత్రమూ లేదు. ఆహారానికి పనికొస్తుందో లేదో ఈ దేశంలో ఎవరూ తేల్చని జన్యువు ఏదైనా మన చెక్కలోకి వచ్చి ఉంటే, దానికి తలుపు తీసింది విదేశీ కంపెనీ కాదు, మనం.

నాలుగో నేరం, భయాన్ని ప్రచారం చేసి ప్రశ్నను చంపడం. ఒంటినిండా గడ్డలు కట్టిన ఎలుకల ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నిసార్లు తిరిగాయో లెక్క లేదు. అవి 2012లో ఫ్రాన్స్ పరిశోధకుడు సెరాలినీ బృందం ప్రచురించిన పత్రంలోవి. ఎలుకల సంఖ్య తక్కువని, ఎంచుకున్న ఎలుక జాతికి వయసు మీద పడితే గడ్డలు మామూలేనని విమర్శలొచ్చాయి. మరుసటి ఏడు ఆ పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. తర్వాత వేరే పత్రికలో మళ్లీ వచ్చింది. ఫొటో మనకు చేరింది గాని ఆ తర్వాతి కథ చేరలేదు. మరో కథ అసలే చేరలేదు. బ్రెజిల్ నట్ అనే గింజలోని జన్యువును సోయాలో పెట్టినప్పుడు, ఆ గింజ పడనివాళ్లకు ఈ సోయా కూడా పడదని 1996లో పరీక్షల్లో తేలింది. ఆ సోయాను మార్కెట్‌కు రానివ్వకుండానే ఆపేశారు. ప్రమాదం ఊహ కాదని, పరీక్ష చేస్తే అది దొరుకుతుందని ఈ ఒక్క ఉదంతమే రెండు పక్షాలకూ చెబుతుంది. మన విలేకరులం ఎలుకను అచ్చేశాం, సోయాను వదిలేశాం.

ఇప్పుడు వ్యవహారం వడ్ల దాకా వచ్చింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించారు. అందులో డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే ‘కమల’, రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో తయారైంది. దాని తల్లి సాంబ మసూరి. అది బాపట్లలో పుట్టి, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మన బువ్వగా మారిన బీపీటీ 5204. రెండో రకానికి మూలమైన ఎంటీయూ 1010 కూడా తెలుగు నేల మీద తయారైనదే. కమలలో బయటి జన్యువు చేర్చలేదు. ఉన్న ఒక జన్యువును సవరించారు. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, పంట ఇరవై రోజుల దాకా ముందే కోతకు వస్తుందని సంస్థ చెబుతోంది. సాగర్ అడుగంటి కాలువ ఎండిన ఏడు చూసిన కోదాడ చివరి ఆయకట్టు రైతుకు ఇరవై రోజులంటే రెండు మూడు తడులు మిగలడం. అది చిన్న మాట కాదు. 2022 మార్చి 30న కేంద్రం ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి పంటలకుండే కఠిన అనుమతుల నుంచి మినహాయించింది. తగిన పరీక్ష లేకుండా విడుదల చేయొద్దని వ్యతిరేకులు అంటున్నారు. ఇదీ చిన్న మాట కాదు.

ఈ రెండు మాటల్నీ తూచగల చోటు ఢిల్లీ కాదు, మిర్యాలగూడ. కోతల కాలంలో టోకెన్లు పట్టుకుని పచ్చి వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరుతాయి. చింట్లు, హెచ్‌ఎంటీ, పూజ, జైశ్రీరాం రకాలన్నీ సన్నాలే. బేరం తేమ చూసి, గింజ చూసి జరుగుతుంది. లోపలికి వేరువేరుగా పోయినవి బయటికి ఒకే బ్రాండు సంచీలో వస్తాయి. రేపు కమల ఆ వరుసలో నిలబడితే, ఇష్టమున్నవాడు కొనుక్కోవడానికీ ఇష్టం లేనివాడు మానుకోవడానికీ దారి ఉండదు. 2025 ఉగాది నాడు రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది మన హుజూర్‌నగర్‌లోనే. రేషన్ మీద బతికే ఇంటికీ, మధ్యాహ్న భోజనం తినే పిల్లకూ సంచీ ఎంచుకునే వీలుండదు. వాళ్ల తరఫున అడగాల్సినవాళ్లం మనం. ప్రకటన వచ్చి నెలలు గడిచినా గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో కంపాసాగర్ పరిశోధన కేంద్రంలోనో రైతులు, మిల్లర్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు కలిసి కూర్చునే సభ పెట్టమని మన సంఘాల్లో ఏదీ గట్టిగా పట్టుబట్టలేదు.

కాబట్టి పశ్చాత్తాపం చాలదు, పని కావాలి. కమల ప్రయోగ ఫలితాలు తెలుగులో, అంకెలతో సహా మన ముందు పెట్టమని అడగాలి. ఎడమ కాలువ కింద బీపీటీ పక్కనే దాన్ని వేసి రైతుల కళ్లముందు తూకం వేయమనాలి. మిల్లు గేటు దగ్గర రకం పేరు రాసే పద్ధతి రావాలి. అది ఇష్టపడేవాళ్లకూ వ్యతిరేకించేవాళ్లకూ సమానంగా అవసరం. 2024 జులై 23న జన్యుమార్పిడి ఆవాల కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలినా ఒక విషయంలో ఒక్కటైంది. రైతులతో సహా అందరితో మాట్లాడి జాతీయ విధానం తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. మన జిల్లాల నుంచి ఆ విధానానికి వెళ్లిన వినతి ఏది? ఇక బిల్లు లేని పత్తి గింజ అమ్మేవాడి పేరు చెప్పడానికి మనకు ఏ సుప్రీంకోర్టూ అక్కర్లేదు.

జన్యుమార్పిడి తిండి క్షేమమని తేలవచ్చు, ఒక రకం క్షేమమై మరో రకం కాకపోవచ్చు. ఏది తేలినా అది వేరేవాళ్లు వేరేచోట అడిగిన ప్రశ్నల వల్లే తేలితే, పండించినవాళ్లం, మరపట్టినవాళ్లం, తిన్నవాళ్లం అయివుండి కూడా మనం ఈ చర్చలో సాక్షులుగానైనా లెక్కకు రాం. ఆ లెక్కలో చోటు అడిగి తీసుకోవాల్సిందే తప్ప ఎవరూ పిలిచి ఇవ్వరు. ఇన్నేళ్లూ అడగలేదు. ఈ వానాకాలం కూడా అడగకపోతే, తెలియక తప్పు చేశామని చెప్పుకునే హక్కు కూడా మనకు ఉండదు.