రాణిగారి ఇంట ఒక వారం

9 మంది బిడ్డలు, సుమారు 40 మంది మనుమలు, మనుమరాండ్రు, ఆపైన ఏటేటా పెరిగే మునిమనుమల సంతతి. ఇంతటి సంసారంలో శుభాశుభాలు వరుసలో నిలబడి వేచి ఉండవు. ఒకదానినొకటి తోసుకుంటూ గడపలోకి వస్తాయి. విక్టోరియా రాణి పాలనను గురించి గ్రంథాలు చాలానే ఉన్నాయి. కాని 1895 డిసెంబరులో ఆమె గడిపిన ఒక వారాన్ని అర్థం చేసుకోవడానికి రాజ్యాల చరిత్ర అక్కరలేదు. పెద్ద కుటుంబంలో పుట్టి పెరిగినవారెవరికైనా అది తెలిసిన కథే.

అప్పటికామె వయస్సు 76 ఏళ్ళు. ఆమె మనస్సును పట్టి పీడించిన తేదీ ఒకటుంది: డిసెంబరు 14. 1861లో ఆ రోజున విండ్సర్ కోటలో భర్త ఆల్బర్ట్ 42వ ఏట కన్నుమూశాడు. ఆమెకూ అప్పుడు 42 ఏళ్ళే. ఆనాటినుంచి నల్లబట్టలు విడువలేదు. ఆయన పోయిన గదిని ఉన్నదున్నట్టుగా ఉంచారు. సాయంకాలం కాగానే ఆయన దుస్తులు తీసి పెట్టేవారు, వేడినీళ్ళు తెచ్చి ఉంచేవారు. ప్రతి ఏటా ఆ తేదీన ఫ్రాగ్‌మోర్ సమాధి మందిరంలో కుటుంబమంతా ప్రార్థనకు చేరవలసిందే. మన ఇళ్ళలో ఆబ్దికం పెట్టినవారు కర్మ ముగిశాక భోజనం చేసి లేచి, మరునాటి పనులు చూసుకుంటారు. 34 ఏళ్ళయినా ఆమె మాత్రం ఆ పీటమీదనుంచి లేవలేదు.

ఆ తేదీ కూడా ఆమెతో వింతగానే ఆడుకొన్నది. 1871లో పెద్దకొడుకు సాండ్రింగ్‌హామ్‌లో టైఫాయిడ్‌తో చావుబ్రతుకుల మధ్య ఉన్నప్పుడు, సరిగ్గా డిసెంబరు 14ననే గండం గడిచింది. ఏడేళ్ళు తిరిగేసరికి అదే తేదీ మరొక బిడ్డను తీసుకుపోయింది. జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో కాపురముంటున్న రెండవ కుమార్తె ఆలిస్, డిఫ్తీరియా బారిన పడిన భర్తకూ పిల్లలకూ సేవచేసి, నాలుగేళ్ళ కూతురిని పోగొట్టుకొని, చివరకు తానూ అదే వ్యాధితో మరణించింది. ఆమెకు 35 ఏళ్ళు. తల్లిలేని ఆ పిల్లల బాగోగులు అమ్మమ్మ మీద పడ్డాయి. వారిలో చిన్నది, అప్పటికి ఆరేళ్ళ ఆలిక్స్, 1894లో రష్యా చక్రవర్తి ఇల్లాలైంది. 1895 నవంబరులో ఆమెకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. ఆ సంతోషం ఇంకా పచ్చగా ఉండగానే డిసెంబరు వచ్చింది.

ఆ నెల 14వ తేదీ శనివారం. రాణి దుఃఖదినానికి సిద్ధపడుతూ లేచేసరికి తంతివార్తలు వచ్చి ఉన్నాయి. మనుమడు యార్క్ ప్రభువు జార్జి భార్యకు తెల్లవారుజామున సాండ్రింగ్‌హామ్‌లో మగబిడ్డ కలిగాడు. ఇంట్లో వారసుడు పుడితే ఎవరైనా పండుగ చేసుకుంటారు. ఇక్కడ తండ్రికి మొదట కలిగిన భావం విచారం: పోయి పోయి ఈ రోజునే పుట్టాలా? ముసలామె ఏమంటుందోనని తాతగారికి కూడా బెంగ. రాణి కొంత నొచ్చుకొన్న మాట నిజమేనని కుమారునికి వ్రాసి, బిడ్డకు ఆల్బర్ట్ అని పేరు పెట్టమని ఆయనే ఉపాయం చెప్పాడు.

తెలుగు ఇంట్లో ఈ మంతనాలు ఉండేవి కావు. తద్దినం నాడు మగపిల్లవాడు పుడితే ముత్తాత మళ్ళీ వచ్చాడని ఇంటి పెద్దావిడే ముందుగా అనేది. విక్టోరియా తన మతం హద్దుల్లో ఉంటూనే దాదాపు ఆ మాటకే చేరుకొన్నది. ఈ పుట్టుక బిడ్డకు మేలే కావచ్చునని, దీనిని దైవమిచ్చిన కానుకగా ఎంచవచ్చునని దినచర్యలో వ్రాసుకొన్నది. ఆ పేరు పెడుతున్నారని తెలిశాక మునిమనుమడిని చూడాలని తొందరపడింది. పిల్లవాడి అమ్మమ్మకు మాత్రం ఆల్బర్ట్ అన్న పేరు అంతగా నచ్చలేదు. నాలుగు పేర్లలో చివరిదైన జార్జి ఎప్పటికైనా గెలుస్తుందని ఆశపడింది. 1936లో గెలిచింది. పాత ఇనప్పెట్టెల అడుగున నేటికీ దొరికే జార్జి రూపాయల్లో ఆరవ జార్జి బొమ్మ ఆ పిల్లవాడిదే.

ఇదే రోజుల్లో ఆ ఇంట మరొక మనిషి లేని లోటు ఉంది. కడగొట్టు కూతురు బియాట్రిస్‌ను ఎన్నటికీ తన వద్దనే ఉంచుకోవాలని రాణి కోరిక. 1884లో ఆ అమ్మాయి పెళ్ళి మాట ఎత్తితే తల్లి నెలల తరబడి మాట్లాడడం మానేసి, చెప్పవలసినవి చీటీలమీద వ్రాసి పంపింది. చివరకు, అల్లుడు తమ ఇంటనే ఉండాలన్న షరతుమీద ఒప్పుకొన్నది. బాటెన్‌బర్గ్ హెన్రీది ఆ విధంగా అచ్చమైన ఇల్లరికం. పదేళ్ళు, నలుగురు పిల్లలు, అత్తగారి ఆదరణ, అన్నీ ఉన్నా చేతినిండా పని లేని మగవాడికి ఊపిరాడలేదు. పశ్చిమాఫ్రికాలో అశాంతి రాజ్యంపైకి సేన వెళుతున్నదని విని తననూ పంపమన్నాడు. రాణి వద్దని చెప్పి చూసి, చివరికి తల ఊపింది. మునిమనుమడు పుట్టడానికి సుమారు వారం ముందు అతడు బయలుదేరాడు.

అశాంతివారు ఎదిరించి పోరాడనే లేదు. వారి రాజు ప్రెంపేను పట్టుకుపోయారు. యుద్ధమే లేని ఆ యుద్ధం ఆమె పేరిట సాగినదే. హెన్రీని చంపింది మలేరియా. 1896 జనవరి 20న, తిరుగు ఓడలో, సియెర్రా లియోన్ తీరం దగ్గర అతడు పోయాడు. రెండు రోజుల తరువాత వార్త ఇంటికి చేరింది. పెళ్ళి జరిగిన విప్పింగ్‌హామ్ చర్చిలోనే ఫిబ్రవరి 5న ఖననం చేశారు. పసివాడి నామకరణం అదే నెల 17న జరిగింది. ముత్తవ్వ పంపిన కానుక, ముత్తాత ఆల్బర్ట్ ప్రతిమ.

ఆ డిసెంబరు సంగతులను రాణి రోజూ తన చేత్తోనే వ్రాసిపెట్టుకొన్నది. ఆ పుస్తకాలు నేడు లేవు. 1901లో ఆమె మరణించాక, తల్లి ఆజ్ఞ ప్రకారం బియాట్రిస్ వాటిని తన చేతివ్రాతలోకి ఎక్కించింది. ఇతరులు చూడరాదనుకొన్నవి వదలిపెట్టి, అసలు ప్రతులను కాల్చివేసింది. 111 సంపుటాలు, సుమారు 30 ఏళ్ళ పని. తన భర్త వెళ్ళిపోయిన వారాన్ని కూడా అలాగే తల్లి మాటల్లో మళ్ళీ వ్రాసుకొన్నది. అందులో ఏది ఉంచిందో చదవవచ్చు.